కదలని సైకిలు

సైకిలుకి స్టాండు వేసి, వెనక చక్రం గాలిలో గిరగిర తిరుగుతుంటే చూసి మురిసిపోని పిల్లలు మన దేశంలో ఉండరేమో! సీటు మీద కూర్చుంటే కాళ్ళు అందని వయసులోనే ఆ ఆట మొదలవుతుంది. చేత్తో పెడలు పట్టుకుని నాలుగు తిప్పులు తిప్పితే చాలు, చక్రం రివ్వున తిరుగుతుంది. ఊచలన్నీ కలిసిపోయి పలచటి పళ్ళెంలా కనిపిస్తాయి. "చైనులో వేళ్ళు పడతాయిరా!" అని ఇంట్లోంచి ఎవరో ఒకరు కేక వేసేదాకా ఆట సాగుతుంది.

ఆ ఆటలో ఒక సంగతి గమనించారా? చక్రాన్ని కదిలించడానికి మొదట కాస్త బలం కావాలి. వేగం అందుకున్నాక చిటికెన వేలితో నెట్టినా సరిపోతుంది. అదే సైకిలెక్కి ఎదురుగాలిలో చెరువుగట్టు ఎక్కి చూడండి. తొడలు మండుతాయి, రొప్పు వస్తుంది. సైకిలు అదే, పెడళ్ళు అవే, కాళ్ళూ మీవే. మరి తేడా ఎక్కడ వచ్చింది?

కత్తులకు సాన పట్టే మనిషిని అడిగితే జవాబు దొరుకుతుంది. అతను వీధిలో సైకిలుకి స్టాండు వేసి, సీటు మీద కూర్చుని తొక్కుతాడు. బెల్టు ద్వారా సానరాయి తిరుగుతుంది. కత్తిని రాయికి ఆనించగానే నిప్పురవ్వలు లేస్తాయి. ఆ క్షణంలోనే అతని కాళ్ళ మీద బరువు పడుతుంది. కత్తిని ఎంత గట్టిగా అదిమితే అంత గట్టిగా తొక్కాలి. సైకిలు అంగుళమైనా కదలదు, కాని సాయంత్రానికి అతను కొన్ని మైళ్ళు తొక్కినంత పని చేస్తాడు.

అదన్నమాట తేడా! చక్రానికి అడ్డుపడే నిరోధం ఉంటేనే కాళ్ళకు పని ఉంటుంది. ఆ నిరోధం గాలి వల్ల వచ్చిందా, గట్టు వల్ల వచ్చిందా, సానరాయి వల్ల వచ్చిందా అన్నది కండరాలకు పట్టదు. ఈ చిన్న సూత్రాన్ని ఆధారం చేసుకునే ఐరోపా, అమెరికా దేశాల సైకిలు పందెగాళ్ళు చలికాలమంతా నాలుగు గోడల మధ్య సాధన చేస్తారు. అదెలాగో, ఎందుకో చూద్దాం.

పందేలు లేని నెలలు

ఐరోపాలో రోడ్డు సైకిలు పందేలు ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఊపందుకుని అక్టోబరుతో ముగుస్తాయి. 1903లో మొదలైన సుప్రసిద్ధ ఫ్రాన్స్ పందెం, టూర్ ద ఫ్రాన్స్, జూలైలో జరుగుతుంది. మూడు వారాలపాటు, మొత్తం 21 దశల్లో, సుమారు 3,400 కిలోమీటర్లు తొక్కాలి.

నవంబరు వచ్చిందా, ఆట కట్టు. రోడ్ల మీద మంచు పేరుకుంటుంది. నీరు గడ్డకట్టి గాజుపలకలా జారుతుంది. డిసెంబరులో లండన్ నగరంలో సాయంత్రం నాలుగు కాకుండానే పొద్దు గూకుతుంది. బడి వదిలాకో, ఆఫీసు అయ్యాకో సైకిలెక్కుదామంటే చీకటి. ఈ నెలలనే ఆటగాళ్ళు ఆఫ్ సీజన్ అంటారు. మనం విరామకాలం అందాం.

విరామం అవసరమే. రైతు ఏడాది పొడుగునా కోతలే కోయడు. దుక్కికో కాలం, నాట్లకో కాలం, కోతకో కాలం ఉంటాయి. సోవియట్ యూనియన్‌కు చెందిన లెవ్ మత్వేయెవ్ 1960లలో క్రీడాకారుడి సంవత్సరాన్ని కూడా ఇలాగే సన్నాహకాలం, పోటీల కాలం, వాటి మధ్య సంధికాలం అని మూడు భాగాలు చేసి వివరించాడు. అలిసిన శరీరం సంధికాలంలో కోలుకుంటుంది. మనసు కూడా సేదదీరుతుంది.

కాని చేను బీడు పడకూడదు కదా! చలికాలం నాలుగు నెలలూ దుప్పటి కప్పుకుని పడుకుంటే ఏమవుతుంది?

శరీరం మరిచిపోతుంది

ఈ ప్రశ్నను అమెరికా శాస్త్రజ్ఞుడు ఎడ్వర్డ్ కోయిల్, ఆయన సహచరులు ప్రయోగం చేసి పరిశీలించారు. ఆ ఫలితాలు 1984లో వెలువడ్డాయి. బాగా శిక్షణ పొందిన ఏడుగురు తమ సాధనను పూర్తిగా ఆపేశారు. ఆ తరువాత వాళ్ళ శరీరాల్లో వచ్చిన మార్పులను 84 రోజులపాటు కొలిచారు.

వాళ్ళు కొలిచినవాటిలో ముఖ్యమైనది ఒకటి చెప్పుకుందాం. మనిషి శాయశక్తులా శ్రమిస్తున్నప్పుడు అతని శరీరం నిమిషానికి ఎంత ఆక్సిజన్ వాడుకోగలదో దాన్ని గరిష్ఠ ఆక్సిజన్ వినియోగం అంటారు. ఇంజనుకు హార్స్ పవర్ ఎలాంటిదో ఓర్పు కావలసిన ఆటలకు ఇది అలాంటిది. సాధన ఆపిన మొదటి 21 రోజుల్లో ఈ వినియోగం 7 శాతం పడిపోయింది. 56 రోజులయ్యేసరికి 16 శాతం తగ్గి, అక్కడ నిలబడింది.

ఇంత త్వరగా ఎందుకు తగ్గింది? ముందుగా తగ్గేది కండరం కాదు, రక్తం! క్రమం తప్పకుండా శ్రమించే మనిషి శరీరంలో రక్తంలోని ద్రవభాగం, అంటే ప్లాస్మా, పెరుగుతుంది. గుండె ప్రతి స్పందనకూ ఎక్కువ రక్తం నిండి, ఎక్కువ రక్తం బయటికి పోతుంది. సాధన ఆపగానే శరీరం "ఇక ఇంత నీరు దేనికి?" అన్నట్టు దాన్ని వదిలించుకుంటుంది. కోయిల్ బృందం 1986లో ప్రకటించిన మరో ప్రయోగంలో రెండు నుంచి నాలుగు వారాల విశ్రాంతి తరువాత రక్తం పరిమాణం సుమారు 9 శాతం తగ్గింది. వాళ్ళకు నరం ద్వారా ద్రవం ఎక్కించి రక్తాన్ని మునుపటి పరిమాణానికి తేగానే, ఒక్కొక్క స్పందనకు గుండె పంపే రక్తం దాదాపు పాత స్థాయికి చేరింది. మొదటి వారాల్లో గుండె బలహీనపడలేదనీ, దానికి అందే సరుకే తగ్గిందనీ దీనివల్ల తేలింది.

తరువాతి వంతు కండరాలది. కండర కణాల్లో మైటోకాండ్రియా అనే చిన్న చిన్న పొయ్యిలు ఉంటాయని మీరు జీవశాస్త్రంలో చదివే ఉంటారు. ఆహారాన్ని ఆక్సిజన్‌తో కలిపి శక్తిని తయారుచేసేవి అవే. వాడకం తగ్గితే ఆ పొయ్యిలలో పనిచేసే ఎంజైములు తగ్గుతాయి. అయితే కోయిల్ పరిశీలించినవాళ్ళలో 84 రోజుల తరువాత కూడా ఆ ఎంజైములు ఎన్నడూ సాధన చెయ్యనివాళ్ళకన్నా ఎక్కువగానే ఉన్నాయి. కండరాల్లోని సన్నని రక్తకేశనాళికలు అసలు తగ్గనే లేదు. ఏళ్ళ తరబడి చేసిన కష్టం మూడు నెలల్లో పూర్తిగా గాలికి పోదన్నమాట!

ఎంత చేస్తే నిలుస్తుంది?

ఇక్కడ అసలు ప్రశ్న వస్తుంది. సంపాదించుకున్న సత్తాను నిలుపుకోవడానికి సంపాదించేటప్పుడు పడినంత కష్టమూ పడాలా?

షికాగోలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో రాబర్ట్ హిక్సన్ బృందం 1980లలో దీనికి చక్కని జవాబు చెప్పింది. ముందుగా కొందరిచేత వారానికి 6 రోజులు, రోజుకు 40 నిమిషాల చొప్పున 10 వారాలు గట్టిగా సైకిలు తొక్కించారు, పరుగెత్తించారు. తరువాత 15 వారాలు సాధన తగ్గించారు. ఆ తగ్గించడంలోనే ఉంది తమాషా.

కొందరికి రోజులు తగ్గించారు: 6 బదులు 4 రోజులు, లేదా 2 రోజులే. ఇంకొందరికి సమయం తగ్గించారు: 40 నిమిషాల బదులు 26, లేదా 13 నిమిషాలే. మరికొందరికి రోజులూ సమయమూ అలాగే ఉంచి, శ్రమ తీవ్రతను మూడో వంతు, లేదా మూడింట రెండు వంతులు తగ్గించారు. ఎవరు ఎక్కువ నష్టపోయారో ఊహించగలరా?

రోజులు తగ్గినవాళ్ళ గరిష్ఠ ఆక్సిజన్ వినియోగం చెక్కుచెదరలేదు. సమయం తగ్గినవాళ్ళదీ అంతే. తీవ్రత తగ్గినవాళ్ళు మాత్రం, ఆరు రోజులూ నలభై నిమిషాలూ చేసినా, దిగజారిపోయారు! కొలిమి గోరువెచ్చగా ఉంటే ఇనుమును అందులో పొద్దస్తమానం ఉంచినా వంగదు. ఎర్రగా కాలితే కాసేపు చాలు. శరీరం కూడా అలాంటిదే.

ఈ సూత్రానికి ఒక హద్దు ఉంది. 13 నిమిషాలు మాత్రమే చేసినవాళ్ళలో ఎక్కువసేపు శ్రమించగల ఓర్పు కొంత తగ్గింది. కాబట్టి గంటల తరబడి తొక్కే పందెగాళ్ళు చలికాలంలో కూడా వీలైనప్పుడల్లా ఒక పొడుగాటి సవారీ చేస్తారు. మిగతా రోజుల్లో తక్కువసేపు, గట్టిగా. అలా తొక్కడానికి గదిలోని సైకిలు చక్కగా సరిపోతుంది.

నౌక మీద, ప్రయోగశాలలో, గ్యారేజీలో

ఇంటిలోపలి వ్యాయామ యంత్రం నిన్న మొన్నటిది కాదు. 1796లోనే ఇంగ్లండులో ఫ్రాన్సిస్ లౌండ్స్ అనే ఆయన జిమ్నాస్టికాన్ అనే యంత్రానికి పేటెంటు పొందాడు. చేతులతో, కాళ్ళతో చక్రాలు తిప్పే యంత్రమది. అప్పటికి సైకిలే పుట్టలేదు! 1912లో మునిగిపోయిన టైటానిక్ నౌకలోని వ్యాయామశాలలో కూడా కదలని సైకిళ్ళు ఉండేవి. ఎంత దూరం తొక్కారో చూపించే పెద్ద ముల్లు గడియారం వాటి ముందు ఉండేది.

శాస్త్రజ్ఞులకు ఈ సైకిలు మరో విధంగా నచ్చింది. మైదానంలో పరుగెత్తే మనిషి ముక్కుకు గొట్టం తగిలించి అతను పీల్చే గాలిని కొలవడం చాలా కష్టం. కూర్చున్నచోటే శ్రమించే మనిషినయితే నింపాదిగా కొలవవచ్చు. డెన్మార్క్ శాస్త్రజ్ఞుడు ఆగస్ట్ క్రోగ్ 1913లో విద్యుదయస్కాంతంతో నిరోధం కలిగించే సైకిలును తయారుచేశాడు. కండరాల రక్తకేశనాళికల మీద పరిశోధనకు 1920లో నోబెల్ బహుమతి అందుకున్న క్రోగ్ ఈయనే. ఇలా పనిని కొలిచే సైకిలును ఎర్గోమీటరు అంటారు. 1954లో స్వీడన్‌లో పేర్ ఓలోఫ్ ఓస్ట్రాండ్, ఇర్మా రీమింగ్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ఇటువంటి సైకిలు మీద మనిషిని అలసిపోయేదాకా తొక్కించకుండానే, మామూలు శ్రమలో అతని గుండె వేగాన్నిబట్టి గరిష్ఠ ఆక్సిజన్ వినియోగాన్ని అంచనా కట్టే పద్ధతి చెప్పారు.

ప్రయోగశాలనుంచి ఈ సైకిలు జనంలోకి ఎలా వచ్చింది? దక్షిణాఫ్రికాలో పుట్టి అమెరికాలో స్థిరపడిన జానీ గోల్డ్‌బర్గ్ 1980లలో ఒక కఠినమైన పందేనికి సిద్ధమవుతున్నాడు. అమెరికా పశ్చిమ తీరంనుంచి తూర్పు తీరందాకా ఆగకుండా, సుమారు 4,800 కిలోమీటర్లు తొక్కే పందెమది. రాత్రివేళ రోడ్ల మీద సాధన ప్రమాదకరం. అందుకని బరువైన చక్రమున్న కదలని సైకిలును తన ఇంట్లోనే తయారుచేసుకున్నాడు. తరువాత అలాంటి సైకిళ్ళను ఒక గదిలో వరుసగా పెట్టి, పాటలు పెట్టి, పదిమందిచేత ఒకేసారి తొక్కించసాగాడు. స్పిన్నింగ్ అనే పేరుతో ఆ తరగతులు 1990లలో దేశదేశాలకు పాకాయి.

కుమ్మరి సారె, డైనమో

ఈ సైకిలు లోపల ఏముందో చూద్దాం. ముందుభాగంలో 15, 20 కిలోల బరువుండే ఇనపచక్రం ఒకటి ఉంటుంది. దీన్ని ఫ్లైవీల్ అంటారు. అంత బరువు దేనికి? కుమ్మరి సారెను గుర్తుచేసుకోండి. కర్రతో నాలుగుసార్లు తిప్పి వదిలితే కుండ తయారయ్యేదాకా ఆ సారె తిరుగుతూనే ఉంటుంది. బరువైన చక్రానికి జడత్వం ఎక్కువ. తిరగడం మొదలెడితే ఒక పట్టాన ఆగదు. పెడలు పైకీ కిందికీ వచ్చినప్పుడు కాలి బలం తగ్గినా చక్రం తడబడకుండా సాఫీగా సాగుతుంది. రోడ్డు మీద మన బరువూ సైకిలు బరువూ కలిసి చేసే పనిని గదిలో ఈ చక్రం చేస్తుంది.

ఇక నిరోధం. కొన్నింటిలో తోలుముక్కనో, ఉన్నిముక్కనో చక్రానికి అదిమి ఘర్షణ కలిగిస్తారు. కొన్నింటిలో అయస్కాంతాలను చక్రానికి దగ్గరగా తెస్తారు. లోహచక్రం అయస్కాంతం ముందు తిరిగినప్పుడు లోహంలో సుడులు తిరిగే విద్యుత్ ప్రవాహాలు పుడతాయి. అవి చక్రం కదలికను వ్యతిరేకిస్తాయి. ఏదీ దేన్నీ తాకదు, అరుగుదల లేదు, అయినా తొక్కడం బరువవుతుంది.

ఎంత పని చేస్తున్నామో లెక్కకట్టడం కూడా తేలికే. స్వీడన్‌లో తయారయ్యే మోనార్క్ ఎర్గోమీటరులో పెడలు ఒక్క చుట్టు తిరిగితే ఫ్లైవీల్ అంచు 6 మీటర్లు కదులుతుంది. ఆ అంచు చుట్టూ ఉన్న పట్టీ 2 కిలోల బరువుతో లాగుతున్నదనుకుందాం. అంటే బలం 2 × 9.8 = 19.6 న్యూటన్లు. మీరు నిమిషానికి 60 చుట్లు, అంటే సెకనుకు ఒక చుట్టు తొక్కుతున్నారు. సెకనుకు జరిగే పని 19.6 × 6 = 117.6 జౌళ్ళు. అంటే మీ సామర్థ్యం సుమారు 118 వాట్లు! రోడ్డు మీద గాలి, ఎత్తుపల్లాలు ఈ లెక్కను నిమిషనిమిషానికీ మార్చేస్తాయి. గదిలో ఇవాళ 118 వాట్లంటే రేపూ 118 వాట్లే. శాస్త్రజ్ఞులకూ పందెగాళ్ళకూ ఈ సైకిలు నచ్చడానికి ఇదే పెద్ద కారణం.

నలభై అయిదు నిమిషాల తరగతి

ఇటువంటి తరగతి సాధారణంగా ముప్పావు గంట సాగుతుంది. ఒక నమూనా చూడండి. మొదటి 10 నిమిషాలు తేలిగ్గా తొక్కి ఒళ్ళు వేడెక్కించుకోవాలి. తరువాత 4 నిమిషాలు గట్టిగా, 3 నిమిషాలు నెమ్మదిగా, ఇలా నాలుగుసార్లు. అది 28 నిమిషాలు. చివరి 7 నిమిషాలు మెల్లిమెల్లిగా తగ్గించాలి. హిక్సన్ చెప్పిన "తక్కువసేపు, గట్టిగా" అన్నది ఇదే. మధ్యలో ఆ 3 నిమిషాల ఊరట లేకపోతే అన్నిసార్లు అంత గట్టిగా తొక్కడం సాధ్యం కాదు.

"గట్టిగా" అంటే ఎంత? తొక్కుతూ హాయిగా కబుర్లు చెప్పగలిగితే తేలిక. రెండు మూడు మాటలకే ఊపిరి అందకపోతే గట్టి. స్వీడన్ శాస్త్రజ్ఞుడు గున్నార్ బోర్గ్ దీనికి 6నుంచి 20దాకా అంకెలతో ఒక కొలబద్ద తయారుచేశాడు. 6 అంటే ఏ శ్రమా లేదు, 20 అంటే ఇక నావల్ల కాదు. ఆ వింత అంకెలు ఎందుకంటారా? యువకులలో ఆ అంకెను పదితో హెచ్చిస్తే ఇంచుమించు గుండె వేగం వస్తుంది. మనసుకు తోచిన శ్రమకూ గుండె వేగానికీ అంత దగ్గర సంబంధం ఉంది.

చెమట లెక్క

గదిలో తొక్కేవాళ్ళకు అసలు శత్రువు వేడి. మన కండరాలు కూడా ఒక రకం ఇంజన్లే. ఆహారంలోని శక్తిలో నాలుగో వంతు మాత్రమే పెడళ్ళకు చేరుతుంది. మిగతా మూడు వంతులూ వేడి అవుతుంది. 150 వాట్లతో తొక్కే మనిషి ఒంట్లో సుమారు 450 వాట్ల వేడి పుడుతుంది. పెడళ్ళకు చేరిన 150 వాట్లు కూడా చివరికి చక్రం దగ్గర వేడిగానే మారుతుంది. అంటే మనిషికి 600 వాట్లు. గదిలో 30 మంది ఉంటే 18,000 వాట్లు! 1,000 వాట్ల ఇస్త్రీ పెట్టెలు పద్దెనిమిది ఒకేసారి వెలిగించినట్టే.

రోడ్డు మీద గంటకు 30 కిలోమీటర్ల వేగంతో పోతుంటే అంతే వేగంతో గాలి ఒంటికి తగిలి చెమటను ఆరబెడుతుంది. గదిలో ఆ గాలి లేదు. చెమట ఆవిరైతేనే ఒళ్ళు చల్లబడుతుంది. కుండలో నీళ్ళు చల్లబడడానికి కారణం ఇదే కదా! ఒక లీటరు చెమట ఆవిరైతే సుమారు 2,400 కిలోజౌళ్ళ వేడిని తీసుకుపోతుంది. 450 వాట్ల చొప్పున గంటకు పుట్టే వేడి 1,620 కిలోజౌళ్ళు. అదంతా పోవాలంటే ముప్పాతిక లీటరుకు దగ్గరగా చెమట ఆవిరి కావాలి. ఆవిరి కాకుండా బొట్లుబొట్లుగా నేల మీద కారిపోయిన చెమట ఒంటిని చల్లబరచదు, ఒంట్లో నీరు మాత్రం తగ్గిస్తుంది. అందుకే గదిలో తొక్కేవాళ్ళకు సైకిలెంత అవసరమో ఫ్యానూ మంచినీళ్ళ సీసా కూడా అంత అవసరం.

విరిగిన చెయ్యి, గెలిచిన పందెం

ఫ్రాన్స్‌లో పారిస్-రూబే అనే పందెం ఉంది. గతుకుల రాళ్ళబాటల మీద సాగే ఈ పందేన్ని మహామహులు కూడా భయంతో తలుచుకుంటారు. ఆస్ట్రేలియాకు చెందిన మాథ్యూ హేమన్ ఎన్నో ఏళ్ళుగా అందులో పాల్గొంటున్నా ఒక్కసారీ గెలవలేదు. 2016 ఫిబ్రవరి 27న బెల్జియంలో మరో పందెంలో పడి అతని ముంజేతి ఎముక విరిగింది. పారిస్-రూబే ఏప్రిల్ 10న. మధ్యలో ఉన్నవి 43 రోజులు. వయసు 37 ఏళ్ళు.

కట్టుకట్టిన చేత్తో రోడ్డు మీద తొక్కడం కుదరదు. అతను గ్యారేజీలో సైకిలును నిరోధయంత్రానికి బిగించి, ఎదురుగా తెర పెట్టుకుని, వారాల తరబడి తొక్కాడు. మళ్ళీ రోడ్డెక్కింది పోటీకి కొద్ది రోజుల ముందే. ఆ రోజు 257 కిలోమీటర్లు, దాదాపు ఆరు గంటలు తొక్కి, చివరికి వెలోడ్రోములో నాలుగుసార్ల విజేత టామ్ బోనెన్‌ను వెనక్కి నెట్టి మొదటివాడుగా గీత దాటాడు!

దీనివల్ల గదిలో తొక్కితే చాలు, ఎవరైనా గెలుస్తారని అర్థం చేసుకోకూడదు. అతని వెనక ఇరవై ఏళ్ళకు దగ్గరగా సాధన ఉంది. గది ఆ సత్తాను పుట్టించలేదు, కరిగిపోకుండా కాపాడింది. విరామకాల సాధన నుంచి ఎవరైనా ఆశించవలసింది అదే.

కొవిడ్ కాలంలో, 2020 డిసెంబరులో, అంతర్జాతీయ సైకిలు సమాఖ్య తెర మీద జరిగే పందేనికి మొట్టమొదటిసారి ప్రపంచ ఛాంపియన్‌షిప్ నిర్వహించింది. పోటీదారులు ఎవరి ఇంట్లో వాళ్ళు తొక్కారు. పురుషులలో గెలిచిన జర్మనీ యువకుడు జేసన్ ఓస్‌బోర్న్ అసలు పడవపందేల ఆటగాడు! గుండె, ఊపిరితిత్తులు, తొడలు బలంగా ఉంటే ఒక ఆటలో సంపాదించిన సత్తా మరో ఆటకు పనికి వస్తుందనడానికి ఇది మంచి ఉదాహరణ.

గదిలో దొరకనివి

అయితే గది అన్నీ ఇవ్వదు. మలుపులో ఒరగడం, బ్రేకు వెయ్యడం, పక్కవాడికి తగలకుండా గుంపులో పోవడం, గుంతను తప్పించడం, ఇవి రోడ్డు మాత్రమే నేర్పుతుంది. ఎముకల సంగతీ అంతే. నడకలో, పరుగులో, గెంతడంలో మన బరువు ఎముకల మీద పడి వాటిని గట్టిపరుస్తుంది. సైకిలు మీద ఆ బరువు సీటు మోస్తుంది. అందుకని ఎదిగే వయసువాళ్ళు సైకిలుతోపాటు పరుగో, తాడాటో కూడా చెయ్యాలి.

ప్రమాదం మరొకటి ఉంది. ఎప్పుడూ అలవాటు లేనివాళ్ళు మొదటిరోజే పాటల జోరులో, పక్కవాళ్ళతో పోటీపడి ప్రాణం పోయేట్టు తొక్కితే కండర తంతువులు చితికి, వాటిలోని మయోగ్లోబిన్ అనే పదార్థం రక్తంలోకి దిగి మూత్రపిండాలను దెబ్బతీయవచ్చు. ఇలా ఆసుపత్రి పాలైనవాళ్ళ గురించి వైద్యపత్రికలు రాశాయి. కండరాలు విపరీతంగా నొప్పి పెట్టి, వాచి, మూత్రం టీ డికాక్షను రంగులో వస్తే ఆలస్యం చెయ్యకుండా డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. మొదటి రెండు మూడు వారాలు కొద్దికొద్దిగా పెంచుకుంటూ పోతే ఈ బాధ ఉండదు. మరొక్క మాట: ఈ తరగతుల్లో వాడే చాలా సైకిళ్ళలో మన సైకిలులాగా కాళ్ళు ఆపేసినా చక్రం దానంతట అది తిరిగే ఏర్పాటు ఉండదు. ఫ్లైవీల్ తిరిగినంతసేపూ పెడళ్ళూ తిరుగుతాయి. ఉన్నట్టుండి కాళ్ళు తీస్తే పెడలు పిక్కను కొడుతుంది.

మీరే చేసి చూడండి

మనకు మంచు బెడద లేదు. కాని వానలకు బడి మైదానం చెరువైపోయే వారాలున్నాయి, ఎండలు మండిపోయే నెలలున్నాయి, పరీక్షల రోజులు సరేసరి! కబడ్డీ ఆడేవాళ్ళయినా, పరుగుపందెంవాళ్ళయినా ఆ రోజుల్లో ఏం పోగొట్టుకుంటున్నారో ఖరీదైన యంత్రమేదీ లేకుండానే తెలుసుకోవచ్చు.

మొదటి ప్రయోగం: ఎవరింట్లోనైనా డైనమో ఉన్న పాత సైకిలుంటే దానికి స్టాండు వెయ్యండి. పెడలును సరిగ్గా పది చుట్లు తిప్పి వదలండి. చక్రం ఎన్ని సెకన్లకు ఆగిందో చూడండి. తరువాత డైనమోను వెనక టైరుకు ఆనించి అలాగే చెయ్యండి. రెండు అంకెల మధ్య తేడాయే నిరోధం చేసిన పని. చక్రం తిరుగుతుండగా చైనుకూ ఊచలకూ వేళ్ళు దూరంగా ఉంచాలి సుమా!

రెండో ప్రయోగం: అయిదు నిమిషాలు ఊరికే కూర్చుని మణికట్టు దగ్గర నాడి చూసుకోండి. 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో హెచ్చించండి. తరువాత రెండు నిమిషాలు తాడాట ఆడి వెంటనే ఒకసారి, ఒక నిమిషం తరువాత మరొకసారి నాడి లెక్కించండి. మూడు అంకెలనూ తేదీ వేసి నోటుపుస్తకంలో రాయండి. ప్రతి ఆదివారం ఒకే వేళకు ఇలాగే చెయ్యండి. ఉబ్బసం, గుండెజబ్బు వంటివి ఉన్నవాళ్ళు డాక్టరును అడిగే చెయ్యాలి.

ఆటలు ఆగిపోయిన వారాల్లో గుండె తన మామూలు వేగానికి దిగడానికి ఎక్కువసేపు తీసుకుంటుందేమో గమనించండి. అప్పుడు వసారాలోనే వారానికి రెండు మూడుసార్లు, పావుగంటో ఇరవై నిమిషాలో, హిక్సన్ చెప్పినట్టు కాస్త గట్టిగా తాడాట మొదలుపెట్టండి. నాలుగు వారాల తరువాత అంకెలు ఎటు నడుస్తున్నాయో మీ నోటుపుస్తకమే చెబుతుంది.